ఓడిపోవడం తెలిసిన వస్తాదు

రెజ్లింగ్ ప్రదర్శనలో విలన్ పని తిట్లు తినడమే అనుకుంటాం. నిజానికి కథను నిలబెట్టేది అతనే. ఐరన్ షేక్‌గా పేరుపడ్డ ఇరాన్ వస్తాదు హుస్సేన్ ఖుస్రో అలీ వజీరి ఇందుకు సాక్ష్యం. ప్రత్యర్థిని బోర్లా పడేసి, వీపు మీద కూర్చుని, అతని చేతుల్ని తన తొడల మీదికి లాక్కుని, గడ్డం పట్టి వెనక్కి విరవడం అతని ‘క్యామెల్ క్లచ్’. 1983 డిసెంబరు 26న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రత్యర్థి బాబ్ బ్యాక్‌లండ్ ఆ పట్టులో చిక్కుకుంటే, అతని మేనేజరే తువాలు విసిరి ఓటమి ఒప్పుకున్నాడు. సరిగ్గా నాలుగు వారాలకు అదే చోట హల్క్ హోగన్ ఆ పట్టు విడిపించుకుని గెలిచాడు. దాన్నెవరూ తప్పించుకోలేరని షేక్ ముందే నమ్మించబట్టే హోగన్ గెలుపుకు అంత విలువ వచ్చింది.

ఫలితం ముందే తేల్చుకున్న ఆటలో ప్రతిభ ఏముందని అడగవచ్చు. వజీరి 1971లో అమెరికాలో గ్రీకో-రోమన్ కుస్తీ జాతీయ విజేత. నిజంగా గెలవడం తెలిసినవాడు ఎదుటివాడి మెడకు దెబ్బ తగలకుండా, చూసేవాళ్లకు దెబ్బ తగిలినట్టే అనిపించేలా పట్టు పట్టాడు. అది తేలికైన విద్య కాదు. 52 మంది అమెరికన్లు టెహ్రాన్‌లో 444 రోజులు బందీలుగా గడిపిన కోపాన్ని ఆ ఇరాన్ విలన్ పాత్ర సొమ్ము చేసుకుందన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనదే. ఒక జాతినంతా దుష్టులుగా చూపడం తప్పు. ఆ తప్పును ఒప్పుకుంటూనే పనితనాన్ని గౌరవించవచ్చు. హోగన్ అనే వీరుణ్ణి నిలబెట్టిన చేతుల్లో వజీరి చేతులూ ఉన్నాయి.