‘ముద్దాయి’ శబ్దము – మందస అడవి

నేరచరిత్రలోని వింతలను ప్రోగుచేసి చెప్పు గ్రంథములకు పాఠకుల కొఱత ఎన్నడును లేదు. 1386లో ఫ్రాన్సు దేశమందలి ఫలేజు పట్టణమున, పసిబిడ్డను చంపినదని ఒక పందిని విచారించి ఉరితీసిరి. ఇట్టివి చదువుటకు వినోదముగనే యుండును. అయినను ఆ గ్రంథకర్తలు వింతను నేరస్థునియందో శిక్షయందో వెదకి తృప్తిపడుదురు. ఒక పనికి నేరమను పేరు వచ్చిన చోటికి పోరు. అసలు వింత యచ్చటనే కలదని మా యభిప్రాయము.

మన భాషలోనే యొక నిదర్శనము కలదు. నేడు న్యాయస్థానమున నేరము మోపబడినవానిని మనము ‘ముద్దాయి’ అనుచున్నాము. ఈ శబ్దము అరబ్బీనుండి వచ్చినది. మూలమునందును ఉర్దూనందును దాని యర్థము వాది, అనగా తన హక్కును కోరి న్యాయస్థానమునకు వచ్చినవాడు. తెలుగున కాలుమోపి ఆ వాదియే బోనెక్కినాడు! అర్థవిపరిణామమునకు ఉదాహరణముగ దీనిని విద్యార్థులకు చెప్పి ఊరకొనవచ్చును. కాని పలాసకు చేరువనున్న మందస జమీందారీ చరిత్రను చూచినచో, ఈ విపరిణామము శబ్దమునకే కాక మనుష్యులకును పట్టునని తెలియును.

పలాస, టెక్కలి, మందస ప్రాంతములు 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు గంజాము జిల్లానుండి విడివడి విశాఖపట్టణము జిల్లాలో చేరినవి. శ్రీకాకుళము జిల్లా 1950లో గాని ఏర్పడలేదు. ఒకవైపు ఉద్దానపు ఇసుకనేలలు, కొబ్బరితోటలు. మఱియొకవైపు మహేంద్రగిరి యడవులు. నాగలికి, కాడికి, బండి ఇరుసునకు, ఇంటి వాసమునకు, పొయ్యిలోనికి కట్టెకు రైతు అడవి ముఖమే చూడవలెను. అడవి జమీందారుది. 1937లో మద్రాసు ప్రభుత్వము ప్రకాశం పంతులుగారి యధ్యక్షతన నియమించిన సంఘమునెదుట జమీందారీ రైతులు తమ బాధలు చెప్పుకొనిరి. అందు అడవి హక్కును గూర్చిన మొరయు నుండెను. 1938లో నివేదిక వెలువడినది. అది చట్టరూపము దాల్చకమునుపే, 1939 అక్టోబరులో మంత్రివర్గము రాజీనామా యిచ్చెను. ఇంతవరకు రైతు వాదియే.

1940 మార్చి చివర పలాసలో అఖిలభారత కిసాన్ మహాసభ జరిగెను. మందస రైతులు అడవి జొచ్చి కట్టె కొట్టిరి. ఏప్రిలు 1వ తేదీన గుడారి రాజమణిపురమునకు నాయకులను పట్టుకొనుటకై వచ్చిన పోలీసులను గ్రామస్థులు అడ్డగించిరి, కాల్పులు జరిగెను. సాసుమాన గున్నమ్మ యను రైతుస్త్రీయు మఱికొందఱును నేలకొరిగిరి. మంత్రివర్గము దిగిపోయిన ఆరు నెలలలోపల వాది ముద్దాయి యైనాడు.

ఆనాడు అమలులో నుండిన 1860 నాటి భారత శిక్షాస్మృతిలో ఒక చిత్రమైన సంగతి కలదు. 378వ సెక్షను ప్రకారము నేలలో నిలిచియున్న చెట్టును దొంగిలించుట సాధ్యము కాదు, ఏలయన దొంగతనము చరాస్తి విషయముననే జరుగును. గొడ్డలివేటుతో చెట్టు నేలనుండి వేఱుపడిన క్షణముననే అది చరాస్తియగును, దానిని కాజేయదలచి నఱికినవాడు దొంగయగును. ఇంగ్లండులో 1723 నాటి చట్టము, ముఖమునకు నలుపు పూసికొని సాయుధులై లేళ్ల వనములలో తిరుగువారికి మరణశిక్ష విధించెను. రైన్ మండలపు శాసనసభ 1841లో రాలిన పుల్లలను ఏరుట దొంగతనమగునా యని చర్చింపగా, యువకుడైన కార్ల్ మార్క్సు 1842లో ఆ చర్చను పత్రికలో విమర్శించెను. వంటచెఱకు చుట్టును ఎంత ధర్మశాస్త్రము అల్లుకొన్నదో!

ఇక సాహిత్యవిషయము. గున్నమ్మ పేరునకు ముందు ప్రజలు ‘వీర’ శబ్దమును చేర్చిరి. ఆ విశేషణము యథార్థమే. దానిని కాదనుటకు మేము సాహసింపము. అయితే ఆ శబ్దముతో మొదలైన కథనము సాధారణముగ ఏప్రిలు 1వ తేదీ నాడే మొదలై ఆనాడే ముగియుచున్నది. పోలీసు కాగితములకు కావలసిన కథయు అంతియే: గుంపు, అడ్డగింపు, కాల్పులు. ఒకరు వీర యందురు, ఒకరు దొమ్మీ యందురు. ఇద్దఱును ఇరుసుకఱ్ఱను మఱచిరి. స్తుతియు నిందయు ఒకే చోట మొదలగుట మాకు అనుమానాస్పదముగ తోచుచున్నది.

ఇదే జిల్లాకు చెందిన కాళీపట్నం రామారావుగారు 1964లో వ్రాసిన ‘యజ్ఞం’ కథను ఇచ్చట పోల్చి చూడవలెను. కథాంతమున సీతారాముడు తన పసికందును తానే నఱికివైచును. వింతల గ్రంథకర్తకు ఆ యొక్క ఘట్టమే చాలును. రామారావుగారు మాత్రము కథలో అత్యధికభాగమును పంచాయితీకి, బాకీ లెక్కలకు, పెద్దమనుష్యుల మాటలకు వినియోగించిరి. అందులో చట్టవిరుద్ధమైనది ఏదియు లేదు. గోపన్న ఫిర్యాదీ, అప్పల్రాముడు బాకీదారు. హత్య జరుగునప్పటికి ఎవరు వాది, ఎవరు ముద్దాయి యను నిశ్చయము పాఠకునిలోనే చెదరిపోవును. ఆ కథ బలము చివరి కత్తివేటులో కలదను విమర్శను మేము అంగీకరింపము.

మందసను గూర్చిన పాటలను, జముకుల కథలను, వృద్ధుల వాఙ్మూలములను ఉద్దానపు గ్రామములలో సేకరింపబోవు పరిశోధక విద్యార్థులు కాల్పుల వద్దనే ఆగిపోకూడదు. ఏ యింటికి ఏ కఱ్ఱ కావలసివచ్చెను, దానికై ఎవరిని ఎన్నిసార్లు అడిగిరి, ఏమి చెల్లించిరి అనునవి ముందుగ అడుగవలెను. 1948 నాటి చట్టముతో జమీందారీలు రద్దయినవి; అడవి చేతులు మాఱెను. ఆ మార్పు తరువాత ఆ కట్టెకే ఆ గ్రామములలో ఏ పేరు నిలిచెనో, అదియు వ్రాసికొనవలెను.