వ్రేలాడు మేఘములు

శిల్పమనగానే మన మనస్సున మొదట పీఠము మెదలును. రాయి గాని కంచు గాని తన భారమంతయు నేలకప్పగించి, చూపరులకొక ముఖమును ఒక వీపును చూపుచు కదలక నిలువవలెనన్నది వేలయేండ్ల అలవాటు. నేలను విడిచి, కప్పునాశ్రయించి, విశాలమైన భవనాంతరాళమున వ్రేలాడు శిల్పమునకు ఈ సౌకర్యములేవియు లేవు. క్రింద నిలిచినవానికది యొక రూపము, మేడపై వసారానుండి తొంగిచూచువానికి వేరొక రూపము, తలుపు తెరచినప్పుడు దూరిన గాలికి మరియొక రూపము.

ఆధునిక కాలమున ఈ విద్యకు ప్రసిద్ధి తెచ్చినవాడు అలెగ్జాండర్ కాల్డర్. తాతయు తండ్రియు శిల్పులేయైనను, అతడు 1919లో పట్టమందినది యంత్రశాస్త్రమున. ఆ చదువు వృథాపోలేదు. 1930లో పారిస్ నగరమున మాండ్రియాన్ చిత్రశాలకేగి, గోడపైనున్న రంగుల దీర్ఘచతురస్రములను చూచి, ఇవి కదలినచో నెంత బాగుండునని అతడనగా చిత్రకారుడు సమ్మతింపలేదు. మరుసటి యేట కళాకారుడు మార్సెల్ ద్యుషాం అతని కదలు బొమ్మలకు ‘మొబైల్’ అని పేరిడెను.

కావడి మోయువాడు బరువైన కుండ వైపునకు భుజమును జరుపుకొనును. ఈ శిల్పమునకు మూలసూత్రమదియే. చూచువాని కన్ను పైనుండి క్రిందికి దిగును గాని, చేయువాని చేయి క్రిందినుండి పైకి పోవును. రేకుల కత్తెరతో కోసిన ఆకువంటి తునకలను తీగె రెండు కొనలకును బిగించి, ఆ తీగెను వ్రేలిపై నిలిపి, ఏ వైపునకును ఒరగని తావు దొరకువరకు జరిపి జరిపి, అచ్చట చిన్న వలయముగా వంచి, ఆ జతను పై తీగె కొనకు తగిలించినచో, అది యంతయు పైదానికి ఒకే బరువుగా లెక్కకు వచ్చును. ఇట్లు మెట్టు మెట్టుగా ఎక్కి కట్టకడపటి తీగెను చేరుసరికి అన్నిటి భారము ఒక్క బిందువున నిలుచును. అందువలన అట్టడుగు ఆకునొకదానిని మార్చినను, పై తీగెలన్నిటిని మరల తూచుకొనవలసినదే.

చేతిలో ఒదిగినంతవరకు ఈ పని వినోదము. భవనమంత పరిమాణమునకు పెంచినప్పుడే చిక్కు. పొడవును వెడల్పును మందమును రెండింతలు చేసిన రేకు ఎనిమిదింతలు తూగును. గాలి తాకెడి వైశాల్యము మాత్రము నాలుగింతలే యగును. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ తూర్పు భవనమునకు కాల్డర్ సంకల్పించిన మొబైల్ ఉక్కుతో చేసినచో కదలనంత బరువగునని తేలగా, పాల్ మాటిస్ అను కళాకారుడు తేనెపట్టు గదులవంటి అల్యూమినియపు పొరలతో దానిని నిర్మించెను. 23 మీటర్ల వెడల్పున్నను సుమారు 420 కిలోలే తూగు ఆ శిల్పము 1977లో కప్పునకెక్కెను. కాల్డర్ అంతకు ముందటి యేటనే గతించెను.

అయినను నా మనస్సు పోవునది వాషింగ్టనునకు కాదు, వెనెజువేలా దేశపు కరకాస్ విశ్వవిద్యాలయమునకు. వాస్తుకారుడు కార్లోస్ రావుల్ విల్యనువేవా అచ్చట సుమారు 2,700 మంది కూర్చుండదగిన ‘ఔలా మాగ్నా’ సభామందిరమును కట్టుచు కాల్డర్ సాయము కోరెను. విసనకర్రవలె విచ్చుకొన్న ఆ మందిరమున, వంపు తిరిగిన కప్పు క్రింద, పలికిన పలుకు చెదరిపోవునని ధ్వనిశాస్త్రజ్ఞుడు రాబర్ట్ న్యూమన్ గ్రహించి, శబ్దమును మరలించు పలకలు లోపలనే వ్రేలాడవలెననెను. తన ఊహకు సంకెల పడినదని శిల్పి అలుగవలసిన ఘట్టమిది. కాల్డర్ అలుగలేదు. పొరలు పొరలుగా అతికిన చెక్కతో, వేర్వేరు రంగులలో, 31 మేఘములను రూపించియిచ్చెను. 22 కప్పునను తక్కినవి గోడలయందును అమరెను. 1953లో మందిరము ప్రారంభమయ్యెను.

శిల్పము కట్టడమునకు ఆభరణమందురు. ఆభరణము తీసివేసినను దేహమునకు లోటు లేదు. ఈ మేఘములను దింపినచో మాత్రము సభలో మాట చెడును. గాలికి ఊగుటయే ప్రాణమైన బొమ్మలను లోకమునకిచ్చినవాడు ఇచ్చట ఊగని వానిని వ్రేలాడదీయుటలోని చమత్కారము నాకు మిక్కిలి ఇష్టము. నేటికిని ఆ విశ్వవిద్యాలయపు పట్టభద్రులు ఆ మేఘముల క్రిందనే పట్టములందుకొనుచున్నారు.