మౌలానా ఆజాదు ఖురాను వ్యాఖ్యానము

రాజకీయములలో ప్రసిద్ధి గాంచిన పండితుని గ్రంథములకు ఒక ఆపద కలదు. జనులు ఆయన పేరును వీథులకును విద్యాలయములకును పెట్టుకొందురు. గ్రంథములను మాత్రము తెరువరు. మౌలానా అబుల్ కలాం ఆజాదునకు పట్టిన గతి ఇదియే. ఆయన కాంగ్రెసు అధ్యక్షుడుగా నుండెననియు, స్వతంత్ర భారతమునకు తొలి విద్యామంత్రి యనియు బడిపిల్లలు సయితము చెప్పగలరు. ఆయన ఖురానునకు వ్రాసిన వ్యాఖ్యానము ఎట్టిదని యడిగినచో బదులు చెప్పువారు మనలో అరుదు. ఆ వ్యాఖ్యానమును చదువనిదే ఆయన రాజకీయములు బోధపడవని నా యభిప్రాయము.

ఆజాదు 1888లో మక్కానగరమున జన్మించెను. తండ్రి మౌలానా ఖైరుద్దీను పెక్కుమంది శిష్యులుగల గురువు. పూర్వాచారములయందు పట్టుదల గలవాడు. కుటుంబము కలకత్తా చేరిన పిదప కుమారుని బడికి పంపక, అరబ్బీ పారసీ భాషలను, తర్కమును, ధర్మశాస్త్రమును ఇంటియొద్దనే చెప్పించెను. యౌవనారంభమున సర్ సయ్యద్ అహ్మదుఖాను గ్రంథములు చదివినంతట ఆ బాలపండితుని మనస్సు కలత చెందినది. వంశపారంపర్యముగ వచ్చినదగుటచేతనే ఒక విశ్వాసము సత్యమగునా యను సంశయము పుట్టినది. స్వేచ్ఛాపరుడను నర్థము గల ‘ఆజాద్’ అను కలముపేరును ఆయన ధరించినది ఈ సంశయమునకు గుర్తుగనే. తరువాత మరల విశ్వాసమును పొందెను గాని, అది తండ్రి యిచ్చిన విశ్వాసము కాదు, వెదకి సంపాదించినది.

1912లో కలకత్తానుండి ‘అల్ హిలాల్’ అను ఉర్దూ వారపత్రికను వెలువరించెను. స్వాతంత్ర్యమునకై పాటుపడుట ముస్లిములకు రాజకీయావసరము మాత్రమే కాదు, మతధర్మమని దాని వాదము. ప్రభుత్వము ధరావతులు కోరి 1914లో దానిని మూతపడజేసినది. పిమ్మట ‘అల్ బలాగ్’ను నడపెను, 1916లో వంగరాష్ట్రమునుండి బహిష్కృతుడై 1919 చివరివరకు రాంచీలో నిర్బంధమున నుండెను. పత్రికాసాహసమునకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు. అయినను విమర్శకుడు ఒక మాట చెప్పక తప్పదు. ఈ పత్రికల వాక్కు వేదికపైనుండి ఉరుముచున్నట్టి వాక్కు. పూర్వపక్షమునకు చోటు తక్కువ. పాఠకుడు ఆలోచించుటకు ముందే లోబడును.

దీని ఫలము 1920లో కనబడినది. ఖిలాఫతు కాలమున, ఆంగ్లేయుల యేలుబడిలోని దేశమును విడిచి ముస్లిమురాజ్యమునకు వలసపోవుట విధియను హిజ్రతు ఉద్యమము లేచినది. దానిని సమర్థించుచు ఆజాదు ఫత్వా నిచ్చెను. వేలకొలది జనులు ఇండ్లును పొలములును అయినకాడికి అమ్ముకొని ఆఫ్గనిస్థానమునకు బయలుదేరిరి. ఆగష్టులో ఆ ప్రభుత్వము సరిహద్దును మూసినది. పలువురు దారిలో మరణించిరి. తిరిగివచ్చిన వారికి నిలువ నీడ లేదు. ఈ యుద్యమమునకు ఆజాదు ఒక్కడే కర్త కాడు. కాని పండితుని మాట ఆజ్ఞయైనపుడు దాని వెలను విన్నవారే చెల్లింతురను సత్యమున కిది సాక్ష్యము.

‘తర్జుమానుల్ ఖురాన్’ వేరొక స్వరము. దీని వ్రాతప్రతులు సోదాలలో పోలీసులపాలై చెడిపోగా, ఆయన మరల పూనుకొని వ్రాసి, 1931లోను 1936లోను రెండు సంపుటములు ప్రకటించెను. ఉర్దూ రాని నావంటివారికి హైదరాబాదు పండితుడగు డాక్టరు సయ్యద్ అబ్దుల్ లతీఫు చేసిన ఆంగ్లానువాదము శరణ్యము. గ్రంథ తాత్పర్యమును నిర్ణయించునపుడు ఉపక్రమమును మొదట చూడవలెనని మన మీమాంసకులు చెప్పుదురు. ఆజాదు చేసినదియు నట్టిదే. ఖురానునకు ఉపక్రమమైన ఫాతిహాలో ఉన్నవి ఏడే వాక్యములు. వానికే ఆయన ఒక గ్రంథమంత వ్యాఖ్య వ్రాసెను. ‘రబ్బ్’ అను పదమునకు ప్రభువని చెప్పి ఊరకుండక, శిశువును తల్లి వలె ప్రతి ప్రాణిని దాని దశకు తగినట్లు క్రమముగ పెంచువాడని విప్పెను. ఆ పోషకుడు ఒక్క తెగవాడు కాడు, సర్వలోకములవాడు. పోషణము, కరుణ, న్యాయము అను మూడింటిమీద ఆయన భాష్యమంతయు నిలిచినది. పూర్వవ్యాఖ్యాతలు ఖురానుపై గ్రీకుతర్కమును కప్పిరనియు, తొలుత విన్నవారు గ్రహించిన సూటియైన అర్థమునకు మరలవలెననియు ఆయన వాదించెను.

ఇందలి ముఖ్యసిద్ధాంతము దీనునకును షరీయతునకును గల భేదము. దీను అన్ని జాతులకు అన్ని కాలములందు బోధింపబడిన ఏకధర్మము: ఒక్క దైవమును కొలుచుట, సత్కర్మ మాచరించుట. షరీయతు ఆయా కాలములకును జనులకును ఏర్పడిన విధానము. అది వేరువేరుగ నుండుట సహజము. విధానభేదమును ధర్మభేదముగ భావించి కక్షలు కట్టుటయే మతములకు పట్టిన చీడ. దీనివలన అనుష్ఠానమునకు గౌరవము తగ్గునని కొందరు పండితు లాక్షేపించిరి.

ఈ సందర్భమున మన వీరేశలింగము పంతులుగారు జ్ఞప్తికి రాక మానరు. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించుటకు ముందు ఆయనయు శాస్త్రప్రమాణములతోనే పండితుల నెదిరించెను. వచనముతో వచనమును గెలుచుట సంస్కర్తకు అవసరమే. కాని ఎదిరికి మరియొక వచనము దొరికిననాడు ఏమగును? ఆజాదు మార్గమునకు గల బలమిక్కడ తెలియును. ఆయన ఒక్క వచనమును పట్టుకొని వ్రేలాడలేదు. వచనములన్నిటిని కొలుచుటకు కరుణను న్యాయమును మానదండములుగ నిలిపెను. లోపమును ఇక్కడనే కలదు. ఏ విధిని ఎవరు ఏ యధికారముతో మార్చవలెనను ప్రశ్నకు ఫాతిహా వ్యాఖ్యలో సూత్రమే కలదు గాని ప్రయోగము లేదు. రెండవ సంపుటము 23వ అధ్యాయముతో ముగిసినది. ఖురాను అధ్యాయములు 114. చెరసాలలును సభలును మిగిలిన కాలమును హరించినవి.

1940 మార్చిలో రాంగఢ కాంగ్రెసున అధ్యక్షుడుగ ఆయన తాను ముస్లిమగుటయు భారతీయు డగుటయు రెండును తనకు గర్వకారణములేయని చెప్పెను. అది సమయోచితమైన చమత్కారము కాదు. ఫాతిహా వ్యాఖ్యలోని సిద్ధాంతమే సభాభాషలో పలికినది. అదే మాసమున లాహోరులో ముస్లిములీగు ప్రత్యేకరాజ్యములను కోరుచు తీర్మానించినది. మతము పేర ఉద్బోధించుటను ప్రజలు ఆలకించిరి. మతార్థమును విచారించుటను అంతగా ఆలకింపలేదు. ఆ మొదటి యలవాటును పెంచిన పత్రికలలో ‘అల్ హిలాల్’ కూడ ఉండుట ఆయన జీవితములోని విషాదము.

1942లో నిర్బంధింపబడి అహమ్మదునగరు కోటలో నుండగా, పూర్వము హైదరాబాదు సంస్థానమున మతశాఖాధికారిగ నుండిన హబీబుర్రహ్మాను ఖాను షేర్వానీని సంబోధించి వ్రాసిన లేఖలు 1946లో ‘గుబారె ఖాతిర్’ అను పేర వెలువడినవి. తేనీటి రుచి, గదిలో గూడు కట్టిన పిచ్చుకలు, చివరి చూపునకు నోచుకొనని భార్య మరణము అందలి విషయములు. వేదికపై ఉరిమినవాడు ఇచట స్నేహితునితో మాటలాడుచున్నాడు. ఆజ్ఞనుండి వ్యాఖ్యకు, వ్యాఖ్యనుండి సంభాషణకు దిగివచ్చిన ఈ నడక పతనము కాదు, పరిపాకము. 1958 ఫిబ్రవరి 22న ఆయన మరణించెను. మతము పేర ఆజ్ఞలు నేటికిని మన చెవులలో మ్రోగుచున్నవి. పోషణము, కరుణ, న్యాయము అను కొలతలతో తన గ్రంథమును తాను కొలుచుకొనుట ఏ మతస్థునకైనను ఆవశ్యకము. అందుకొరకైనను ఆ ఏడు వాక్యముల వ్యాఖ్యను మనము చదువవలెను.