అడగాల్సిన మాట

పొట్ట ఉబ్బి వచ్చిన మనిషిని పడుకోబెట్టగానే నేను అడిగే మొదటి మాట: "గాలి పోతోందా?" పక్కన కోడలో అల్లుడో ఉంటే పెద్దవాళ్లు జవాబు చెప్పరు. వాళ్లను కాసేపు బయటికి పంపి మళ్లీ అడుగుతాను. సర్జన్‌కు కత్తి పట్టడం ఎంత ముఖ్యమో, ఇలా అడగడమూ అంతే ముఖ్యం.

మామూలు మలబద్ధకంలో మలం ఆగినా గాలి పోతూనే ఉంటుంది. రెండూ ఆగి, పొట్ట బిగిసి, నొప్పి తెరలు తెరలుగా వస్తుంటే పెద్దపేగు మూసుకుపోయిందని అనుమానించాలి. చిన్నపేగులో అడ్డు ఏర్పడితే వాంతులు త్వరగా మొదలవుతాయి. పెద్దపేగులో అవి ఆలస్యంగా వస్తాయి. "వాంతుల్లేవు కదా" అనుకుంటూ ఇంట్లోనే రోజులు గడిపేస్తారు. ఆముదమో విరేచనాల మాత్రలో వేస్తారు. దారి మూసుకున్న పేగును మందుతో తరిమితే లోపల ఒత్తిడి పెరుగుతుంది.

అడ్డు చివర్లో ఉన్నా, తరచుగా చిరిగేది పెద్దపేగు మొదట్లో ఉండే సీకం. చిన్నపేగు కలిసేచోట ఉన్న కవాటం గట్టిగా మూసుకుంటే గాలి వెనక్కి పోలేదు. అన్నిటికన్నా వెడల్పైన సీకం గోడ మీదే బిగువు ఎక్కువ. ఎక్స్‌రేలో అది 9 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడతాం, 12 దాటితే ఇక ఆగం.

మన దగ్గర తరచూ చూసే కారణాల్లో పేగు మెలి పడటం ఒకటి. ఎడమవైపు సిగ్మాయిడ్ భాగం పొడవుగా సాగి తన చుట్టూ తానే తిరిగిపోతుంది. మలద్వారం గుండా గొట్టం పంపి ఆ మెలిక విప్పవచ్చని 1947లో నార్వే సర్జన్ బ్రూస్‌గార్డ్ వివరించాడు. పేగు కుళ్లకపోతే ఇప్పటికీ ముందు చేసే ప్రయత్నం అదే. గాలి బుస్సున బయటికొచ్చి, పొట్ట దిగి, మనిషి తేరుకుంటాడు. వెంటనే ఇంటికెళ్తామంటారు. సాగిన పేగు అలాగే ఉంది కాబట్టి మళ్లీ మెలి పడొచ్చు. ఒంట్లో ఓపికుంటే ఆ భాగాన్ని తీయించుకునే వెళ్లమంటాను.

మరో పెద్ద కారణం క్యాన్సర్. అది ఒక్కరోజులో దారి మూయదు. మలంలో రక్తం, మోషన్ అలవాటు మారడం, కారణం లేకుండా బరువు తగ్గడం ముందే కనిపించవచ్చు. అప్పుడే కొలనోస్కోపీ చేయిస్తే ఆపరేషన్ నిదానంగా, సిద్ధపడి చేయగలం. పొట్టమీద మలసంచి పెట్టాల్సిన అవసరం చాలామందికి తప్పుతుంది. పేగు ఉబ్బిపోయాక అర్ధరాత్రి చేసే ఆపరేషన్‌లో ముందు ప్రాణం నిలపాలి, మిగతావన్నీ ఆ తర్వాతే. సిగ్గుపడి దాచుకున్న మాటకు ఇంత ఖరీదు చెల్లించాల్సిన పని లేదు.