సొరుగుకు కొత్త పిడి

తాతల నాటి టేకు బల్లకు ఊడిపోయిన ఒక్క పిడి కొట్లో దొరకదు. పాతవి చాలావరకు అంగుళాల లెక్కలో చేసినవి. రెండు స్క్రూల మధ్య 3 అంగుళాలంటే 76 మిల్లీమీటర్ల పైచిలుకు. ఇప్పటివి ఎక్కువగా 64, 96 కొలతల్లో వస్తాయి. కొత్త బెజ్జాలు పొడిచి సరిపెట్టేయడం తేలిక. అలా చెయ్యని వడ్రంగి అంటే నాకెంతో గౌరవం.

గుండ్రటి బొడిపె అయితే విజయవాడ బెంజ్ సర్కిల్ దాటి ఆటోనగర్‌లో లేతు మీద తిప్పించవచ్చు. నగిషీ పిడి అయితే మిగిలినదాన్నే నమూనాగా ఇచ్చి ఇత్తడి పోత పోయించాలి. ఇత్తడి చల్లారుతూ కుంచించుకుపోతుంది, 3 అంగుళాలకు సుమారు ఒక మిల్లీమీటరు. అందుకే బెజ్జాలు పోతలో వదలకుండా, తర్వాత పాత గుర్తులు చూసి వేస్తారు.

బిగించడంలోనే అసలు పనితనం. టేకు గట్టిది, ఇత్తడి స్క్రూ మెత్తన; బలవంతం చేస్తే తల తెగి ముక్క లోపలే ఉండిపోతుంది. కాబట్టి ముందు అదే సైజు ఇనప స్క్రూతో దారి చేసి, దాన్ని తీసేసి, మైనం రాసిన ఇత్తడి స్క్రూ ఎక్కిస్తారు. ఎంత ఓపిక! పక్క పిడుల నల్లదనాన్ని చింతపండుతో తోమనివ్వరు. కొత్తదే మెల్లగా వాటి రంగుకు రావాలి.