4.4 రంగుల ‘మాయాబజార్’: టోన్, గామట్, చానెళ్ల దృష్ట్యా ఒక విమర్శ

4.4.1 పరిచయం

కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన ‘మాయాబజార్’ 1957 మార్చి 27న నలుపు తెలుపుల్లో విడుదలయింది. దాని ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఆ చిత్రానికి రంగులద్ది 2010 జనవరి 30న తిరిగి విడుదల చేసింది. అద్దిన రంగులు బాగున్నాయనో, బాగాలేవనో చెప్పి ఊరుకుంటే అది విమర్శ కాదు. ఎక్కడ, ఏ కారణం చేత అన్నది చూపాలి. అందుకు మీరు ఇప్పటికే చదివిన మూడు అంశాలు చాలు: టోన్ అంటే వెలుగునీడల స్థాయి, గామట్ అంటే రంగుల పరిధి, రంగుల చానెళ్లు.

4.4.2 చానెళ్లు: ఉన్నదేది, కల్పించినదేది?

డిజిటల్ వీడియోలో ప్రతి బిందువుకూ ఒక వెలుగు విలువ, రెండు రంగు విలువలు ఉంటాయి. నలుపు తెలుపు ఫిల్మును స్కాన్ చేస్తే వెలుగు చానెల్ మాత్రమే దొరుకుతుంది. రంగు చానెళ్లు రెండూ ఖాళీ. ఎర్రచీర, పచ్చచీర రెండూ ఫిల్ము మీద ఒకే బూడిదరంగుగా పడవచ్చు కాబట్టి, ఆ బూడిదరంగును చూసి అసలు రంగు తెలుసుకోలేము. అందువల్ల 2010 ప్రతిలోని రంగులు తిరిగి దొరికినవి కావు, కొత్తగా ఎంచుకొన్నవి. “శశిరేఖ చీర నిజంగా ఈ రంగేనా?” అన్న ప్రశ్నకు చిత్రంలో జవాబు లేదు. “ఈ రంగు దృశ్యానికి నప్పిందా?” అన్నదే విమర్శకుడు వేయవలసిన ప్రశ్న.

4.4.3 టోన్: బార్ట్లే వెలుగు నిలిచిందా?

దీనికి ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటుంది. రంగుల ప్రతిని పెట్టి, టీవీలో రంగు స్థాయిని సున్నాకు తగ్గించండి. మిగిలేది వెలుగు చానెల్. దానిని పాత ప్రతితో పోల్చండి. రెండూ ఒకేలా ఉంటే రంగు పైపూత మాత్రమే. నీడలు తేలిపోయినా, ముఖాలు తెల్లబడినా ఛాయాగ్రాహకుడి పనినే మార్చారన్నమాట.

పున్నమి రాత్రి పడవ పాటను తీసుకోండి. వెన్నెల భ్రమను బార్ట్లే కేవలం వెలుగుతో సాధించాడు. నీటి మీది తళుకుకూ, చుట్టూ ఉన్న చీకటికీ మధ్య తేడాయే ఆ దృశ్యానికి ప్రాణం. అక్కడికి నీలం, బంగారు రంగులు చేరితే కన్ను వెలుగును వదిలి రంగు వెంట పోతుంది. ఈ పాటలో రంగు ఇచ్చినదాని కంటే తీసుకొన్నదే ఎక్కువని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఘటోత్కచుడి విందు సంగతి వేరు. అక్కడ దృశ్యమే ఆడంబరం, హాస్యం. పిండివంటలకు రంగు వస్తే ఆ సంబరం పెరుగుతుందే తప్ప తరగదు. ఒకే చిత్రం మీద రెండు తీర్పులు ఇవ్వడం తప్పు కాదు.

4.4.4 గామట్: పసుపు రాశి ఉదాహరణ

రంగు ఎంత గాఢంగా ఉండవచ్చు? మెండోర ప్రాంతం నుంచి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు వెళ్లినవారికి ఎండలో పసుపు రాశి ఎలా ఉంటుందో తెలుసు. ఆ రంగులో ఎరుపు, ఆకుపచ్చ విలువలు హెచ్చు, నీలం దాదాపు సున్నా. విశాలమైన పరిధి నుంచి హెచ్‌డీ టీవీకి వాడే బి.టి. 709 పరిధికి మార్చేటప్పుడు నీలం విలువ సున్నా కంటే కిందికి పోవచ్చు. దాన్ని సున్నా దగ్గర కోసేస్తే రాశిలోని గరుకుదనం పోయి ఒకే పసుపు ముద్ద మిగులుతుంది. గాఢతను కొంచెం తగ్గించి తేడాలను నిలపడం మంచి పద్ధతి. నగలు, పట్టుబట్టలు నిండిన పౌరాణిక చిత్రంలో బంగారు రంగుకు ఇదే నియమం వర్తిస్తుంది. కిరీటం మీది చెక్కడం కనబడుతోందా, పసుపు మచ్చగా ఉందా అని చూడండి.

4.4.5 ప్రతిని పరీక్షించకుండా తీర్పు వద్దు

మీరు చూసే ప్రతి చాలా చేతులు మారి ఉండవచ్చు. డీవీడీకి బి.టి. 601, హెచ్‌డీకి బి.టి. 709 ప్రమాణం. వెలుగు విలువలో ఆకుపచ్చ వాటా మొదటిదానిలో సుమారు 59 శాతం, రెండవదానిలో సుమారు 72 శాతం. 601 వీడియోను 709గా చదివితే ఆకుపచ్చ మందగించి, ఎరుపు నారింజ వైపు మొగ్గుతుంది. బూడిదరంగు మాత్రం మారదు. 16 నుంచి 235 వరకు ఉండవలసిన వెలుగు విలువలను 0 నుంచి 255 వరకు ఉన్నవిగా చదివితే మాత్రం నలుపు వెలిసి బూడిదగా కనబడుతుంది. కనుక బూడిదరంగు సరిగా ఉండి చర్మం నారింజ వైపు మొగ్గితే ముందు ప్రమాణాన్ని అనుమానించండి. నలుపే వెలిస్తే విలువల పరిధిని అనుమానించండి. ఈ దోషాలను రంగులద్దినవారి మీద మోపడం అన్యాయం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నలుపు తెలుపు చిత్రం నుంచి అసలు రంగులు ఎందుకు తెలుసుకోలేము?
2. ‘మాయాబజార్’లో ఒక దృశ్యాన్ని రెండు ప్రతుల్లోనూ చూసి, టోన్ మారిందో లేదో ఆధారాలతో 10 వాక్యాల్లో రాయండి.
3. పడవ పాటపై పై అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? కాదంటే మీ కారణాలు రాయండి.