రంగు కంటే ముందు కమాను

పాత అంబాసిడర్ కొని తెచ్చుకున్నవాళ్లు ముందుగా చేయించేది రంగు. తర్వాత సీట్లు, ఆ తర్వాత మెరుపు పోయిన బంపర్లు. వెనక చక్రాల దగ్గర కింద దాగి ఉన్న, ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన కమాన్ కట్టలూ, డ్రమ్ముల లోపలి బ్రేకులూ ఎవరి కంటికీ కనిపించవు గనుక వాటి వంతు ఆఖరున వస్తుంది. అప్పటికి చేతిలో డబ్బు అయిపోయి ఉంటుంది. ఈ వరస తలకిందులు కావాలన్నదే నా వాదన. బండి నిలబడేది కమాను మీద, ఆగేది బ్రేకు మీద. ఈ రెండూ సరిగ్గా లేని కారుకు ఎంత మంచి రంగు వేసినా దాన్ని రోడ్డెక్కించకూడదు.

ఈ పని చేయించుకోవడానికి కడప మంచి ఊరు. చుట్టుపక్కలంతా రాయి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నుంచి నాపబండలు, సిమెంటు. దక్షిణాన మంగంపేట నుంచి ముగ్గురాయి. దశాబ్దాలుగా ఇదంతా లారీల మీదే కదులుతోంది. రాయి మోసే లారీలో ముందుగా లొంగిపోయేది కమానే. అందుకే ఇక్కడి రోడ్ల పక్కన లారీ షెడ్ల నడుమ కమాన్ కట్టల పని, బ్రేకు లైనింగ్ పని తెలిసిన మేస్త్రీలు తయారయ్యారు. లారీ కోసం పుట్టిన ఆ పనితనమే పాత కార్లకూ, జీపులకూ అక్కరకు వస్తోంది. కొత్త కార్లలో చాలావాటికి కాయిల్ స్ప్రింగులే గనుక కారు పట్టీ పట్టుకుని చూసిన కుర్రవాళ్లు ఏటికేడు తగ్గుతున్నారు.

అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో 1957లో మొదలుపెట్టి 2014 మే దాకా తయారు చేశారు. దాని సమకాలికురాలు ప్రీమియర్ పద్మిని, ఫియట్ 1100 నుంచి వచ్చింది. ముందు చక్రాల ఏర్పాటు ఈ రెండింటికీ వేరువేరు గాని వెనక మాత్రం ఒకటే పద్ధతి: గట్టి యాక్సిల్, దాని కింద రెండు కమాన్ కట్టలు. 1804లో లండన్‌లో ఒబాడియా ఎలియట్ గుర్రపు బగ్గీల కోసం పేటెంట్ తీసుకున్న ఆలోచనే ఇది. మన జట్కా బండ్ల కిందా ఇలాంటి కమాన్లే ఉండేవి.

పట్టీ అంటే బరువు మోసే వస్తువని మాత్రమే అనుకుంటే పని చెడుతుంది. ఈ కార్లలో యాక్సిల్‌ను దాని చోట పట్టి ఉంచేది కూడా కమానే. ఇంజన్ తోసే తోపూ, బ్రేకు వేసినప్పుడు యాక్సిల్ మెలితిరగబోయే బలమూ రెండూ దాని గుండానే బండికి చేరతాయి. ఒక పక్క కట్ట కుంగితే బండి ఒరుగుతుంది. పట్టీలను నడిమిన కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగితే యాక్సిల్ పక్కకు జరిగి, స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నా బండి అడ్డదిడ్డంగా పోతుంది. కమాను పనీ బ్రేకు పనీ ఒకేసారి చేయించుకోమనడానికి కారణం ఇదే. బ్రేకు ఎంత బాగా పట్టినా యాక్సిల్ వదులుగా ఉంటే బండి తిన్నగా ఆగదు.

విప్పే ముందు చదునైన నేల మీద బండిని నిలిపి, నాలుగు వైపులా చక్రం నడిమి నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా ఎత్తు కొలిచి రాసుకోవాలి. చాలామంది ఇది చేయరు. చేయకపోతే పని అయ్యాక ఎత్తు సరిపోయిందో లేదో తేల్చుకునే దారి ఉండదు. కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టుల నట్లకు ముందురోజు సాయంత్రమే డీజిల్ పోసి వదిలేస్తే తెల్లారికి తుప్పు కొంత సడలుతుంది. జాకీ ఎత్తడానికే గాని నిలపడానికి కాదు. బండి బాడీ కింద ఇనుప స్టాండ్లు పెట్టాలి. షెడ్డు నేల మీద పరిచిన కడప బండ చదునుగా ఉండి పనికి వీలుగా ఉంటుంది గాని, అదే రాతి ముక్కలను పేర్చి దిమ్మెగా వాడితే బరువుకు ఉన్నట్టుండి పగులుతాయి. ఆ బండి కింద మనిషి పడుకుని ఉంటాడు.

కట్ట దించి, క్లిప్పులు తెరిచి, సెంటర్ బోల్టు తీశాక పట్టీలు ఒక్కొక్కటే విడిపోతాయి. ఇక్కడే మేస్త్రీ అనుభవం తెలుస్తుంది. మా సీమలో వానలు తక్కువ, తుప్పు కంటే దుమ్ము బెడద ఎక్కువ. సన్నటి దుమ్ము పట్టీల మధ్య చేరి, కింది పట్టీ కొన రాసుకునే చోట పై పట్టీ మీద గాడి కోస్తుంది. పగులు మొదలయ్యేది సాధారణంగా ఆ గాడిలో, లేదంటే సెంటర్ బోల్టు రంధ్రం అంచున. కంటికి కనబడని పగులును పట్టడానికి పాత పద్ధతి ఒకటుంది. పట్టీని వైరు బ్రష్షుతో రుద్ది, కిరోసిన్ పూసి కాసేపు నాననిస్తారు. తర్వాత పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి చల్లుతారు. పట్టీని సుత్తితో మెల్లగా తడితే పగులులో దాగిన కిరోసిన్ పైకి ఊరి, తెల్లటి పొడి మీద వెంట్రుక మందాన తడి గీత తేలుతుంది. గీత కనబడిన పట్టీని వెల్డింగ్ పెట్టి మళ్లీ వాడొద్దు. వెల్డింగ్ వేడికి పక్కనున్న ఉక్కు గుణం చెడి, కొన్నాళ్లకే అక్కడ విరుగుతుంది.

పగులు లేకుండా కేవలం కుంగిన పట్టీకి మళ్లీ వంపు పెట్టవచ్చు. కొందరు కొలిమిలో ఎర్రగా కాల్చి వంచుతారు. అది త్వరగా అవుతుంది గాని మన్నదు. పట్టీ మామూలు ఇనుము కాదు. కార్బన్‌తో పాటు సిలికాన్, మాంగనీస్ కలిపి, నూనెలో చల్లార్చి, మళ్లీ లెక్క ప్రకారం వేడి చేసి పదును నిలిపిన ఉక్కు. ఎర్రగా కాలిస్తే ఆ పదును పోతుంది. మొత్తం ప్రక్రియ మళ్లీ చేసే వసతి లేనప్పుడు చల్లగానే కొట్టాలి. నేల మీద సుద్దతో కావలసిన వంపు గీసుకుని, పట్టీని రెండు ఆనుల మీద పెట్టి కొంచెం కొంచెంగా జరుపుతూ సుత్తితో కొట్టడం, గీత మీద పెట్టి చూడటం, మళ్లీ కొట్టడం. ఓపిక పని. అన్ని పట్టీలకూ ఒకే వంపు ఇస్తే అది తెలియనివాడి పని. కింది చిన్న పట్టీకి పై పట్టీ కంటే కాస్త ఎక్కువ వంపు ఉండాలి. వదులుగా పేర్చినప్పుడు మధ్యలో సన్నటి సందు కనబడి, సెంటర్ బోల్టు బిగిస్తుంటే ఆ సందు మూసుకుపోవాలి. అప్పుడే చిన్న పట్టీలు మెయిన్ పట్టీని ముందే ఆదుకుని దాని మీది ఒత్తిడి తగ్గిస్తాయి. కట్ట కట్టేముందు మధ్యమధ్య గ్రాఫైట్ గ్రీజు రాయాలి.

కట్ట కొనను బండికి తగిలించే షాకిల్ రబ్బరు బుష్షులు కొత్తవి వేయడం అందరూ చేస్తారు. బిగించే వేళ మాత్రం చాలామందికి తెలియదు. బండి స్టాండ్ల మీద ఉండగానే బోల్టులు పూర్తిగా బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడి, ఆ మెలిలోనే ఉండి చిరుగుతుంది. చక్రాల మీద బరువు పడ్డాకే చివరి బిగింపు. యూ బోల్టులు ఎప్పుడూ కొత్తవే వేయాలి. ఒక పక్క పట్టీ మారిస్తే రెండో పక్కా మార్చాలి.

ఇక బ్రేకులు. డ్రమ్ము ఊడదీయగానే లోపలి ధూళిని గాలి పైపుతో ఊదడం మన షెడ్లలో అలవాటు. ఈ అలవాటు మానాలి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని ధూళి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు దారితీస్తుంది. నీళ్లతో తడిపి గుడ్డతో తుడవండి, పక్కన కుర్రవాళ్లు ఉంటే దూరంగా పంపండి. లైనింగ్ మీద నూనె కనబడితే యాక్సిల్ ఆయిల్ సీలు పోయిందని అర్థం. సీలు మార్చకుండా కొత్త లైనింగ్ వేస్తే డబ్బు దండగ. డ్రమ్ములో గాళ్లు పడితే లేతు పట్టించాలి, రెండు పక్కలా ఒకే కొలతకు. ఎంత కోస్తే డ్రమ్ము అంత పలచనై త్వరగా వేడెక్కుతుంది కాబట్టి హద్దు దాటితే మార్చాల్సిందే.

షూకు లైనింగ్ రివిట్ చేయడం చూస్తూ నిలబడాలనిపించే పని. పాత రివిట్లు డ్రిల్లుతో తీసేసి, షూ వంపు చెడిందేమో చూసి, కొత్త లైనింగ్‌ను దాని మీద అదిమి పట్టి, ముందు నడిమి రివిట్లు కొడతారు. అక్కడి నుంచి అటొకటి ఇటొకటి వేస్తూ అంచులకు పోతారు. అంచుల నుంచి మొదలుపెడితే నడిమి భాగం పైకి ఉబ్బి, షూకూ లైనింగ్‌కూ మధ్య ఖాళీ ఉండిపోతుంది; ఆ ఖాళీ దగ్గరే తర్వాత పగులు. రివిట్లు రాగివో ఇత్తడివో, మెత్తటి లోహం. తలలు లైనింగ్ లోపలికి దిగి ఉండాలి, లేకుంటే డ్రమ్మును గీస్తాయి. అయ్యాక డ్రమ్ము లోపల సుద్ద పూసి, షూను ఆనించి తిప్పుతారు. సుద్ద ఎక్కడ అంటితే అక్కడే తగులుతోందన్నమాట. ఎత్తుగా ఉన్నచోట ఆకురాయితో రాసి, అంచుల్లో వాలు తీసి, మొత్తం వంపు సమానంగా తగిలేదాకా సరిచేస్తారు.

పాత మోడళ్లలో మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాలకూ ఆయిల్ వెళ్లేది ఒకే దారి. ఒక్కచోట కారినా బ్రేకు మొత్తం పోతుంది. వీల్ సిలిండర్ల రబ్బరు కప్పులు కారకపోయినా మార్చేయండి. వాటిని కిరోసిన్‌తోనో పెట్రోలుతోనో కడిగితే ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్‌తోనే తడపాలి. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు; తేమ పీల్చాక 140 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు, బుడగలుంటే పెడలు ఉత్తినే దిగిపోతుంది.

బ్రేకు పైపుల్లోని గాలి తీయడానికి ఇద్దరు కావాలి. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరమైన వెనక ఎడమ చక్రంతో మొదలు. వీల్ సిలిండర్ మీది నిపిల్‌కు సన్న పైపు తగిలించి, దాని కొన సీసాలోని ఆయిల్‌లో ముంచుతారు. కింద నుంచి మేస్త్రీ "తొక్కబ్బీ... పట్టుకో" అంటాడు, నిపిల్ తెరిచి మూస్తాడు, "ఇడువు" అంటాడు. మూయకముందే కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. సీసాలో బుడగలు ఆగేదాకా ఇదే. హ్యాండ్ బ్రేక్ కేబుల్ అన్నిటికన్నా ఆఖరున బిగించాలి.

సామాను దొరకడం ఏటా కష్టమవుతోంది. విజయవాడ ఆటోనగర్‌లోనూ, చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పుదుపేట దుకాణాల్లోనూ వెతకాలి. రబ్బరు కిట్లు దొరికినప్పుడే రెండేసి కొని ఉంచుకోండి. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండిని 20,000 రూపాయల రుసుముతో వింటేజ్ బండిగా నమోదు చేయించుకోవచ్చు. చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా ఉంచుకోవాలి. ఉన్న భాగాన్నే బాగుచేసి మళ్లీ వేసే మన మేస్త్రీల పద్ధతికి ఇది సరిగ్గా సరిపోతుంది. వాళ్ల కూలి దగ్గర బేరమాడవద్దని నా మనవి.

పని ముగిశాక మొదట ఊళ్లోనే, ఖాళీ రోడ్డు మీద మెల్లగా ఆపుతూ పోతూ లైనింగ్‌ను డ్రమ్ముకు అలవాటు చేయాలి. ఆ తర్వాతే రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూకు దూరమవుతుంది గనుక పెడలు లోతుకు పోతుంటే పక్కకు ఆపి చల్లారనివ్వాలి. చక్రాల మీద నీళ్లు పోయకూడదు, డ్రమ్ము పగులుతుంది. ఇంటికి వచ్చాక నాలుగు ఎత్తులూ మళ్లీ కొలిచి పాత అంకెలతో పోల్చుకోండి. కొత్త పట్టీలు కొద్దిగా సర్దుకుంటాయి కాబట్టి 500 కిలోమీటర్లు తిరిగేలోపు యూ బోల్టులు మరోసారి బిగించాలి.